నూనెరంగుల విద్య

మదుర, తిరునెల్వేలి సీమలలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారిలో పాలకులు, సైనికులు, కర్షకులు, నేతగాండ్రు కలరని మన మెరిగినదే. చిత్రకారులును కలరను మాట మాత్రము అరుదుగా వినిపించును. ఈ ఉగాదికి వారి కథ నొకదానిని పాఠకులకు విన్నవించుచున్నాము.

పందొమ్మిదవ శతాబ్దమున తిరువాన్కూరు నేలిన స్వాతి తిరునాళ్ మహారాజు ఆస్థానమున, మదురనుండి వచ్చిన అళగిరి నాయుడు పేరుపొందిన చిత్రకారుడు. అతని పిమ్మట అచ్చట రామస్వామి నాయుడు ప్రసిద్ధుడయ్యెను. నాయుడు అను పేరే వీరి తెలుగు మూలమును సూచించుచున్నది. 1862లో కిళిమానూరు నుండి పదునాలుగేండ్ల బాలుడొకడు మేనమామ రాజరాజవర్మ వెంట తిరువనంతపురము చేరెను. అతడే రాజా రవివర్మ (1848–1906). మేనమామ అళగిరి నాయుని శిష్యుడు. గురువువద్ద నేర్చిన రేఖలను, నీటిరంగులను మేనల్లునికి చెప్పెను. కాని బాలుని మనసు నూనెరంగులపై నుండెను.

నీటిరంగు నిమిషములలో ఆరిపోవును. అవిసె నూనెతో నూరిన రంగు కొన్ని దినములు పచ్చిగా నుండును. మనిషి పోలిక ఉన్నదున్నట్లు దించుటకు, చెక్కిలిపై వెలుగు మెల్లగా నీడలో కలియు తీరును, పట్టుచీర నిగనిగను చూపుటకు ఈ వ్యవధియే ఆధారము. అయితే గుడ్డకు జిగురు పట్టించి తెల్లపూత వేయవలెను. మొదట పలుచని రంగుతో వెలుగునీడలను నిలుపుకొనవలెను. పైపొరలలో నూనె పాలు పెంచవలెను. ఈ క్రమము తప్పినచో చిత్రము బీటలు వారును. ఒకరు చెప్పక సులభముగా అబ్బు విద్య కాదు.

రవివర్మ జీవితచరిత్రలలో ప్రసిద్ధమైన కథనము ప్రకారము, రామస్వామి నాయుడు ఈ విద్యను చెప్పుటకు నిరాకరించెను. ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్ళె రాత్రివేళ రహస్యముగా వచ్చి నేర్పెను. 1868లో ఆయిల్యం తిరునాళ్ మహారాజు కొలువునకు వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియొడోర్ జెన్సన్ సైతము పాఠము చెప్పలేదు. తాను వ్రాయుచుండగా చూచుటకు మాత్ర మంగీకరించెను. అంతియే చాలెను. చూచినదానిని సాధనచేసి, అయిదేండ్లలో, 1873 మద్రాసు చిత్రప్రదర్శనమున రవివర్మ స్వర్ణపతకము నందెను.

నాయుని నిందించుట సులభము. కాని ఆయన స్థితిని ఆలోచింపవలెను. పరసీమలో బ్రదుకు పనివానికి పొలము లేదు, పుట్ర లేదు. చేతిలోని విద్యయే మాన్యము. రాజబంధువైన బాలునికి దానిని అప్పగించినచో రేపటి కూడెవరు పెట్టుదురు? ఈ భయము వలసవచ్చిన ప్రతి కుటుంబమునకు ఎరుకే. అయినను ఫలితమేమి? నేడు ఆయన పేరు చిత్రించిన పటములకంటె, నేర్పనన్న మాటచేతనే ఎక్కువగా తలపునకు వచ్చుచున్నది. ఆరుముగం పిళ్ళె పేరో, చేసిన మేలుచేత నిలిచినది.

దీనికి భిన్నమైన చరిత్ర రాజమహేంద్రవరమున జరిగినది. అచ్చటి కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆంగ్లేయుడయ్యు దామెర్ల రామారావును చేరదీసి చిత్రకళ నేర్పెను. పిమ్మట ఆ యువకుడు బొంబాయి జె. జె. కళాశాలలో చదివెను. తిరిగివచ్చి స్వస్థలమున చిత్రకళాశాల నెలకొల్పి, నేర్చినది పదుగురకు పంచెను. 1925లో ఇరువదెనిమిదేండ్లు నిండకయే కన్నుమూసెను. అయినను మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ బడిని నడపెను. గురువు పోయినను పాఠ మాగలేదు.

మన సంఘములలో కుంచె పట్టగలవారు, వీణ మీటగలవారు, తెలుగు అక్షరము దిద్దించగలవారు ఉన్నారు. విద్యకోసము రాత్రివేళ చాటుగా తిరుగవలసిన బిడ్డలు మన ఇండ్లలో ఉండరాదు. ఈ సంవత్సరము ప్రతివారును తమకు వచ్చిన పనిని ఒక్క బిడ్డకైనను నేర్పుదురని ఆశించుచు, ఉగాది శుభాకాంక్షలు తెలుపుచున్నాము.