పాత రేడియో పెట్టెలో దాగిన చరిత్ర

చరిత్ర అనగానే మనకు శాసనాలు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. ఇంట్లో అటక మీద దుమ్ము కొట్టుకుపోయిన వాల్వు రేడియో మాత్రం ఎవరికీ గుర్తు రాదు. నిజానికి ఈ దేశంలో మామూలు మనిషికి యుద్ధం వార్త, శాంతి వార్త, సినిమా పాట, పంటల ధరలు చేరిన దారి ఆ పెట్టే. పైగా అది అబద్ధం చెప్పని సాక్షి. దాని వెనక అట్ట విప్పి చూస్తే, అది ఏ కాలంలో, ఎలాంటి ఊళ్ళో, ఎలాంటి కరెంటు మీద బతికిందో చెబుతుంది. ఉద్యోగ విరమణ తర్వాత పాత రేడియోలు కొని బాగు చేయడం నాకు కాలక్షేపం అయింది. ఆ పనిలో తెలుసుకున్న చరిత్రను సోదర సైనికులతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

డయల్ చెప్పే కథ

ముందుగా డయల్ గాజు చూడాలి. దాని మీద అంకెలతో పాటు ఊళ్ళ పేర్లు అచ్చు వేసి ఉంటాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, కొలంబో, లండన్. అది ఒక కాలపు భూగోళ పటం. మన దేశంలో క్రమబద్ధమైన ప్రసారాలు 1927 జూలై 23న బొంబాయిలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీతో మొదలయ్యాయి. 1936 జూన్ 8న ఆలిండియా రేడియో అనే పేరు వచ్చింది. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలయ్యాయి. హైదరాబాదులో నిజాం హయాంలో 1930లలో మొదలైన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. డయల్ మీద ఏ ఊళ్ళు ఉన్నాయి, ఏవి లేవు అన్నదాన్ని బట్టి సెట్టు వయసు సుమారుగా అంచనా వేయొచ్చు.

కొలంబో పేరు చూసినప్పుడు మనం, అంటే ఫౌజీలం, కాస్త ఆగాలి. రెండో ప్రపంచ యుద్ధంలో మౌంట్‌బాటన్ నాయకత్వంలోని ఆగ్నేయాసియా కమాండ్ సైనికుల కోసం కొలంబోలో రేడియో సియాక్ అనే కేంద్రం పెట్టారు. 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ దానిది. యుద్ధం అయిపోయాక అది సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చింది. జవాన్ల కోసం కట్టిన ఆ ట్రాన్స్‌మిటరే రేడియో సిలోన్‌కి బలం అయింది. 1952లో సమాచార మంత్రి బి.వి. కేస్కర్ కాలంలో ఆలిండియా రేడియోలో సినిమా పాటలు దాదాపు మూగబోయాయి. అదే ఏడు సిలోన్ నుంచి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైంది. దేశం దేశమంతా ముల్లు కొలంబో వైపు తిప్పుకుంది. తెలుగు పాటల కోసం మీనాక్షి పొన్నుదురై గొంతు వినడానికి మనవాళ్ళు సాయంత్రాలు ఎదురు చూసేవాళ్ళు. చివరికి 1957 అక్టోబర్ 3న మన ప్రభుత్వం వివిధ భారతి పెట్టక తప్పలేదు. ఫౌజీ సోదరుల కోసం వచ్చే జయమాల కార్యక్రమం అందులోదే.

నేను జబల్పూర్‌లో ఒక కబాడీ దుకాణంలో 1,200 రూపాయలకు కొన్న సెట్టు డయల్ మీద, 25 మీటర్ల బ్యాండు దగ్గర ఎవరో సిరాతో చిన్న గీత గీసి ఉంచారు. అది ఏ స్టేషను గుర్తో నేను చెప్పలేను. కానీ ఎవరో ఒక మనిషి, ఏదో ఒక గొంతు కోసం, రోజూ ముల్లు తెచ్చి అక్కడే నిలబెట్టేవాడని మాత్రం ఆ గీత చెబుతోంది. గాజు తుడిచేటప్పుడు ఆ గీత జోలికి నేను పోలేదు.

వాల్వు పేరు చెప్పే కథ

వెనక అట్ట తీస్తే నాలుగైదు వాల్వులు కనిపిస్తాయి. ఫిలిప్స్ తరహా సెట్లలో వాల్వు పేరులోని మొదటి అక్షరం చూస్తే చాలు, సగం చరిత్ర తెలుస్తుంది. ‘ఇ’తో మొదలైతే (ఇసిహెచ్ 81, ఇఎఫ్ 89, ఇఎల్ 84 వంటివి) హీటరు 6.3 వోల్టులది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు, ఏసీ కరెంటు ఉన్న ఇల్లు. ‘యు’తో మొదలైతే (యుసిహెచ్ 81, యుఎల్ 84) హీటర్లన్నీ దండలో పూలలాగ వరుసగా కట్టి, 100 మిల్లీఆంపియర్ల కరెంటు మీద నడుస్తాయి. దీనికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఏసీ అయినా డీసీ అయినా పనిచేస్తుంది. ఒకప్పుడు కలకత్తా వంటి నగరాల్లో కొన్ని పేటలకు డీసీ కరెంటే వచ్చేది. అద్దె ఇల్లు మారితే కరెంటు రకమే మారిపోయే రోజులు. అలాంటి కుటుంబం కొనుక్కున్న సెట్టు అది.

ఇక ‘డి’తో మొదలైతే (డికె 96, డిఎఫ్ 96, డిఎల్ 96) అది బ్యాటరీ వాల్వు. ఫిలమెంటుకి 1.4 వోల్టులు, ప్లేటుకి 90 వోల్టుల పెద్ద డ్రై బ్యాటరీ. కరెంటు రాని పల్లెలో ఏ మోతుబరి ఇంటి అరుగు మీదో, ఏ పంచాయతీ ఆఫీసులోనో ఊరంతా చుట్టూ కూర్చుని విన్న రేడియో అదే. బ్యాటరీ ఖరీదు భయానికి వార్తల టైముకి పెట్టి, వార్తలు అవగానే కట్టేసేవాళ్ళని మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

వాల్వు గాజు మీద అచ్చు కూడా చదవాలి. మొదట అన్నీ హాలండ్, ఇంగ్లండ్, అమెరికాల నుంచి వచ్చినవే. 1954లో బెంగళూరు జాలహళ్ళిలో రక్షణ శాఖ కింద భారత్ ఎలక్ట్రానిక్స్ ఏర్పడింది. 1961లో రేడియో వాల్వుల తయారీ అక్కడ మొదలైంది. ఒకే సెట్టులో రెండు విదేశీ వాల్వులు, మూడు ‘బెల్’ వాల్వులు కనిపించాయంటే, దేశం తన కాళ్ళ మీద నిలబడిన సంగతి ఆ సాకెట్లలోనే రాసి ఉందన్న మాట.

మన పాత సెట్లు, బజారు మెకానిక్కులు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిత్రసేనలు వదిలిన సామాను ‘డిస్పోజల్స్’ పేరుతో కుప్పలు తెప్పలుగా అమ్ముడుపోయింది. అందులో వైర్‌లెస్ సామాను కూడా ఉంది. ట్యాంకుల్లో వాడిన నంబర్ 19 వైర్‌లెస్ సెట్టు గురించి సిగ్నల్స్ పెద్దలకు చెప్పక్కర్లేదు. 2 నుంచి 8 మెగాసైకిల్స్ దాకా పనిచేసే ‘ఎ’ సెట్టు, దగ్గరి దూరాలకు ‘బి’ సెట్టు, ట్యాంకులో ఉన్నవాళ్ళు మాట్లాడుకోవడానికి ఇంటర్‌కామ్, మూడూ ఒకే పెట్టెలో. దాని మార్క్ 2 ప్యానెల్ మీద ఇంగ్లీషుతో పాటు రష్యన్ అక్షరాలు కూడా ఉంటాయి. యుద్ధంలో సోవియట్ సైన్యానికి కూడా అవి పంపడమే కారణం. ఒక ప్యానెల్ మీది అక్షరాలు చూసి ఎవరు ఎవరి పక్షాన పోరాడారో చెప్పొచ్చు.

స్వాతంత్ర్యం తర్వాత కూడా మన సైన్యం ఈ 19, 62 నంబర్ సెట్లు వాడింది. డిస్పోజల్స్ బజారుకి చేరిన విడిభాగాలు మాత్రం వేరే పని చేశాయి. 19 సెట్టు అవుట్‌పుట్‌లో ఉండే 807 వాల్వు లౌడ్‌స్పీకర్ యాంప్లిఫయర్లకు కూడా బాగా సరిపోతుంది. యుద్ధంలో హుకుములు మోసిన వాల్వు, పెళ్ళి పందిట్లో సన్నాయి వినిపించడానికి పనికొచ్చిందన్న మాట. ఢిల్లీ లజపత్‌రాయ్ మార్కెట్, బొంబాయి లామింగ్టన్ రోడ్డు, మద్రాసు మూర్ మార్కెట్, హైదరాబాదు కోఠీ వంటి చోట్ల కూర్చున్న మెకానిక్కుల్లో ఎందరో ఇంజనీరింగ్ కాలేజీ గుమ్మం తొక్కలేదు. పాత సామాను విప్పి, బిగించి నేర్చుకున్న విద్య వాళ్ళది. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఆ తరం మెకానిక్కులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ చేతి పని మాత్రం ఈ సెట్ల లోపల మిగిలి ఉంది.

నా జబల్పూర్ సెట్టులో ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. చూడగానే కోపం వచ్చింది, ఇల్లు తగలబడేది కదా అని. చాసిస్ లోపలి వైపు ఎవరో మెకానిక్ పెన్సిల్‌తో మార్చిన వాల్వు పేరు, తేదీ రాసిపెట్టాడు: 1964. దొరకని వాల్వుకి బదులు ఇంకో రకం వాల్వు పెట్టి, సాకెట్ వైర్లు మార్చి, దాన్ని పనిచేయించాడు. దిగుమతి కష్టమైన ఆ రోజుల కరువు, ఆ మనిషి తెలివి రెండూ అక్కడ ఉన్నాయి. వెండి కాగితం తీసేసి సరైన ఫ్యూజు వేశాను. పెన్సిల్ రాత, ఆ వైరింగు అలాగే ఉంచాను.

బాగు చేయడం అంటే ఏమిటి?

ఇక్కడే అసలు విషయం. ఇప్పుడు పాత రేడియోలకు మళ్ళీ గిరాకీ వచ్చింది. సంతోషమే. కానీ చాలామంది లోపలి చాసిస్ పీకి పారేసి, అందులో బ్లూటూత్ బోర్డు పెట్టి, కేబినెట్‌కి అద్దంలా మెరిసే పాలిష్ వేసి డ్రాయింగ్ రూములో పెడుతున్నారు. అది రేడియో కాదు, రేడియో చర్మం. ఇంకొందరు పనిచేసే దాన్ని కూడా ‘కొత్తది’ చేసేస్తారు. బాగు చేయడం అంటే కొత్తగా చేయడం కాదు. సాక్ష్యం చెరిపేయకుండా మళ్ళీ పలికించడం.

ప్రాణానికి సంబంధించిన చోట మాత్రం మొహమాటం పనికిరాదు. ఏళ్ళ తరబడి వాడని సెట్టుని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. కరెంటు తీగ వరుసలో 60 లేక 100 వాట్ల పాత తరహా ఫిలమెంట్ బల్బు కట్టి పరీక్షించాలి. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. లోపల షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు, కాగితపు కండెన్సర్లు మార్చక తప్పదు. ముఖ్యంగా అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి వెళ్ళే కండెన్సర్ లీకైతే, గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజీ వచ్చి వాల్వు ఎర్రగా కాలుతుంది, దాంతో ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని ‘యు’ రకం సెట్లలో చాసిస్ నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది. ముట్టుకుంటే అంతే సంగతులు. స్విచ్ కట్టినా కండెన్సర్లలో 250 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు. పనిచేసే ముందు రెసిస్టర్ ద్వారా డిస్చార్జ్ చేసి, మీటర్ పెట్టి చూసుకోవాలి.

కొత్త కండెన్సర్ని పాతదాని గొట్టం ఖాళీ చేసి అందులో దాచితే రూపం చెడదు. కానీ దాచిన విషయం దాచకూడదు. సైన్యంలో ప్రతి పరికరానికి లాగ్ బుక్ ఉంటుంది కదా. ఎప్పుడు ఏ భాగం మార్చారో, ఎవరు మార్చారో అందులో లేకపోతే ఆ పరికరాన్ని మనం నమ్మం. నేను బాగు చేసిన ప్రతి సెట్టులోనూ అలాంటి కాగితం ఒకటి కవరులో పెట్టి లోపల అంటిస్తాను. ఏది పాతది, ఏది నేను వేసింది అన్నది 50 ఏళ్ళ తర్వాత విప్పేవాడికి తెలియాలి. 1964 నాటి ఆ మెకానిక్ పెన్సిల్‌తో నాకు చేసిన ఉపకారం అదే.

సమయం ఎక్కువ లేదు

ఇంకో సంగతి. సెట్టు బాగుపడినా, దానికి వినడానికి ఏదో ఒకటి ఉండాలి. 1940లో మొదలైన బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31తో ఆగిపోయాయి. మన దేశంలోనూ చాలా మీడియం వేవ్, షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూతపడ్డాయి. అందుకే ఇప్పుడు స్టేషన్లు పలుకుతున్న చోట వాటిని ఈ పెట్టెల్లో విని, ఆ ధ్వని రికార్డు చేసి ఉంచడం కూడా ఈ పనిలో భాగమే అంటాను.

కంప్యూటర్లకూ ఇదే గతి పట్టబోతోంది, ఇంకా తొందరగా. 1967లో హైదరాబాదులో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్., మన తెలుగువాడు డాక్టర్ ఎ.ఎస్. రావు సారథ్యంలో, 1969లో టిడిసి-12 కంప్యూటర్ తయారు చేసింది. 1984లో బడిపిల్లల కోసం మొదలైన క్లాస్ పథకంలో బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. ఆ కాలపు యంత్రాలు ఈనాడు ఎన్ని చోట్ల కనిపిస్తాయి? ఆ తర్వాత వచ్చిన వాటిలో బోర్డు మీది చిన్న బ్యాటరీ కారితే రాగి గీతలు తినేస్తుంది. ఫ్లాపీలు బూజు పడతాయి. వాల్వు రేడియో 60 ఏళ్ళు ఓపిక పట్టింది. కంప్యూటర్ పట్టదు.

సోదరులారా, మీ ఇంట్లో గానీ, మీ ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర గానీ అలాంటి సెట్టు ఉంటే, పాత సామాన్ల వాడికి వేసే ముందు ఒక్కసారి వెనక అట్ట విప్పి చూడండి. పోస్టాఫీసులో కట్టిన లైసెన్సు పుస్తకం కూడా దొరకవచ్చు. 1960లలో మామూలు సెట్టుకి ఏడాదికి 15 రూపాయలు కట్టి, రేడియో వినడానికి అనుమతి తీసుకునేవాళ్ళు. 1980ల మధ్యలో గానీ ఆ లైసెన్సు పోలేదు. దాన్ని సెట్టుతో పాటే ఉంచండి. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక యుద్ధం వచ్చిందని ఇందిరాగాంధీ చెప్పిన మాట ఆ ఇంట్లో ఎవరు విన్నారో, ఢాకా లొంగుబాటు వార్త ఎక్కడ కూర్చుని విన్నారో అడిగి, ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. వాల్వు మళ్ళీ ఎక్కడైనా దొరుకుతుంది. ఆ మాట చెప్పే మనిషి మళ్ళీ దొరకడు.

జై హింద్.