ఆ గోడలు కట్టినదెవరు?

ఆఫ్రికా ఖండానికి చరిత్ర లేదని తీర్పు చెప్పిన పెద్దలు ఐరోపాలో ఒకరిద్దరు కారు. జర్మను దార్శనికుడు హెగెల్ తన చరిత్ర తత్త్వోపన్యాసాలలో సహారాకు దక్షిణాననున్న ఆఫ్రికాను ప్రపంచ చరిత్రకు వెలుపలనే నిలిపినాడు. చరిత్ర లేని జాతికి రాజ్యార్హత కూడ లేదని వలస పాలకులు సులువుగా తేల్చుకొన్నారు. కాని ఆ మాటను కాదంటూ ఆ ఖండంలోనే కొన్ని రాతిగోడలు శతాబ్దాలుగా నిలిచి ఉన్నవి.

లింపోపో, జాంబెజీ నదుల నడుమ ఉన్న పీఠభూమి మీద మహా జింబాబ్వే అనే శిథిల నగరమున్నది. క్రీ.శ. 11వ శతాబ్దం మొదలు 15వ శతాబ్దం వరకు అది వర్ధిల్లింది. నేటి షోనా ప్రజల పూర్వీకులే దాని నిర్మాతలు. సున్నం గాని, అడుసు గాని వాడక, గ్రానైటు రాళ్లను వరుసపై వరుసగా పేర్చి వారు గోడలు లేపినారు. ప్రధానమైన ఆవరణ చుట్టుకొలత సుమారు 250 మీటర్లు. గోడ ఎత్తు కొన్నిచోట్ల 11 మీటర్లు. పశుసంపద, బంగారం, ఏనుగు దంతం ఆ రాజ్యానికి ఆధారాలు. అక్కడి బంగారం తూర్పు తీరపు రేవులకు చేరి, హిందూ మహాసముద్రం దాటిపోయేది. ఆ శిథిలాలలో చీనా పింగాణి పెంకులతోబాటు భారతదేశపు గాజుపూసలు కూడ దొరికినవి. ఆ నగరం లోకానికి దూరమైనది కాదనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

1871లో కార్ల్ మౌఖ్ అనే జర్మను యాత్రికుడు ఈ శిథిలాలను దర్శించినాడు. ద్వారం మీది కొయ్యను చూచి లెబనాను దేవదారు అనుకొన్నాడు. బైబిలులోని షేబా రాణికి ఆ కట్టడాన్ని అంటగట్టినాడు. 1891లో థియొడోర్ బెంట్ అక్కడ త్రవ్వకాలు జరిపి, అరేబియా నుండి వచ్చిన జాతి నిర్మించినదన్నాడు. నల్లవారు తప్ప ఎవరైనా సరే! ఆ తర్వాత 1902-04 మధ్య రిచర్డ్ హాల్ స్థానికుల చెత్తగా భావించి పై పొరలను త్రవ్వి పారవేయించినాడు. నిర్మాతల జీవితం నిక్షిప్తమై ఉన్న పొరలే అవి.

అయినను సత్యం బయటపడక మానలేదు. 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థామ్సన్ శాస్త్రీయంగా పరిశోధించి, అది ఆఫ్రికా ప్రజల నిర్మాణమేనని నిర్ధారించినారు. తెల్ల వలసదారులకు మాత్రం ఈ నిర్ణయం రుచించలేదు. 1965లో ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకొన్న రొడీషియా ప్రభుత్వం కింద సత్యం చెప్పడమే నేరమైంది. స్మారక నిర్మాణాల పర్యవేక్షకుడైన పీటర్ గార్లేక్ 1970లో ఆ దేశం విడిచిపోవలసి వచ్చింది.

ఇంతలో ప్రజలు తమ జవాబు తామే చెప్పుకొన్నారు. షోనా భాషలో 'రాతి ఇండ్లు' అనే అర్థమున్న పదం నుండి పుట్టినది జింబాబ్వే. ఆ పేరును 1960 తర్వాతి జాతీయోద్యమ పక్షాలు తమ పేర్లలో చేర్చుకొన్నవి. 1980 ఏప్రిల్ 18న స్వతంత్రమైన దేశానికి అదే నామధేయమైంది. శిథిలాలలో దొరికిన శిలాపక్షి జాతీయ పతాకం మీద నిలిచింది. దక్షిణాఫ్రికాకు తరలిపోయిన అట్టి పక్షులలో కొన్ని 1981లో స్వస్థలం చేరినవి. సెసిల్ రోడ్స్ పేరు మోసిన దేశం తన పూర్వుల ఇండ్ల పేరు ధరించడం సామాన్య విషయం కాదు.

లేఖకులకు ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. అణగద్రొక్కబడిన జాతి తన గతాన్ని వెదకుకొనేటప్పుడు దానిని పెంచి చెప్పుకోవలెననే ఆశ సహజంగా కలుగుతుంది. మహా జింబాబ్వేకు ఆ అవసరం రాలేదు. రాణుల పురాణం పాలకులు అల్లినది. దానిని ఓడించినవి మరొక పురాణం కాదు, చుట్టుపక్కల పల్లెలవారి కుండలను పోలిన మట్టిపెంకులు. సామాన్యుల చేతిపని మీద నిలిచిన గౌరవానికి పునాది గట్టిది.