కుక్కపిల్లకు వైద్యవ్యయము

ఆంధ్రమహాభారతమున ఆదిపర్వారంభమందే ఒక కుక్కపిల్ల కథ గలదు. జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా, సరమ యను దేవశుని కొడుకు ఆ యజ్ఞవాటికకు ఆడుకొనుచు వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడనైన లేదు. తల్లి వచ్చి, తప్పు చేయనివానిని కొట్టితిరి గనుక మీకు కానరాని భయము కలుగునని పలికి పోయెను. అటుపిమ్మట రాజు ఆ దోషశాంతికై తగిన పురోహితుని వెదకుచు తిరిగి, ఋషి కుమారుడగు సోమశ్రవసుని వేడి తెచ్చుకొనవలసి వచ్చెను. కుక్కపిల్లను లెక్కసేయనందున రాజునకు తగిలిన వ్యయ మిది.

పెద్దలారా, క్రొత్తగా ఇంటికి వచ్చిన కుక్కపిల్లకు వైద్యమునకై ఎంత వెచ్చింపవలె నన్న ప్రశ్నకు మన పల్లెలలో బదులు సిద్ధముగా నుండును: ఊరకుక్కకు వైద్యమేల? గటుక పోసిన చాలును, బ్రతుకునది బ్రతుకును. ఈ మాట నిర్దయ వలన పుట్టినది కాదు. దీనికి రెండువేల యేండ్ల లెక్క యొకటి ఆధారముగా నున్నది.

పశువులకు చికిత్స చేయింపవలెనన్నది మనకు క్రొత్త కాదు. అశోకుని రెండవ శిలాశాసనము మనుష్యచికిత్స, పశుచికిత్స యని రెంటిని జంటగా చెప్పుచున్నది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీద అది నేటికిని చూడవచ్చును. శాలిహోత్రుని పేర అశ్వవైద్యము, పాలకాప్యుని పేర గజవైద్యము గ్రంథములై నిలిచినవి. కౌటిల్యుడు మఱి యొక అడుగు ముందుకు వేసి, వైద్యమునకు ధర కట్టెను. చికిత్సలో గాని మందులో గాని లోపము వలన గుఱ్ఱమునకు రోగము ముదిరినచో, ఆ చికిత్సకైన వ్యయమునకు రెట్టింపు దండుగ; వారి తప్పువలన ఆ జంతువే చెడినచో దాని వెల యంతయు దండుగ. ఈ విధియే ఆవులకు, గాడిదలకు, ఒంటెలకు, ఎనుములకు, మేకలకు, గొఱ్ఱెలకు వర్తించునని అర్థశాస్త్రము చెప్పును. ఆ పట్టికలో కుక్క లేదు. ఉండుటకు వీలును లేదు. వెలను బట్టి దండుగ గదా! వెలలేని దానికి దండుగ యెట్లు?

ఇది కౌటిల్యుని కాలముతో పోయిన పద్ధతి యనుకొనరాదు. 1889లో ఆంగ్లప్రభుత్వము పూనాలో పశురోగ పరిశోధనశాల నెలకొల్పి, 1893లో హిమాలయములందలి ముక్తేశ్వరమునకు తరలించెను. అది ప్రధానముగా ఎడ్లను, ఆవులను మందలు మందలుగా చంపుచుండిన పెద్దరోగము కొఱకు. 2011లో ఆ రోగము లోకమునుండియే తొలగిపోయినట్లు ప్రకటింపబడినది. మనుష్యుల మశూచికము తరువాత భూమిమీద రూపుమాసిన రోగ మదియే. కుక్కలలో వెల గలవి వేటకుక్కలు. ఇంగ్లండులో వేటకాండ్రు 1920 తరువాతి యేండ్లలో చందాలు వేసికొని, కుక్కపిల్లలను చంపు డిస్టెంపరు రోగమునకు మందు కనుగొనుటకై పరిశోధకులను పోషించిరి. వెల యున్నచోట మందు పుట్టినది.

వెలలేని కుక్కపిల్ల విషయమున లెక్క వేఱొక పుటలో, మనుష్యుల ఖాతాలో వ్రాయబడుచు వచ్చెను. సుశ్రుతుడు కల్పస్థానమున వెఱ్ఱికుక్క కాటునకు అలర్కవిషమని పేరిడి, కఱవబడినవాడు నీటిని చూచి, నీటి పేరు విని బెదరినచో ఆ జలత్రాసము మరణచిహ్న మని నిర్ణయించెను. లక్షణములు బయటపడిన పిదప మరణము తప్పదన్న ఆ నిర్ణయము నేటి వైద్యులును ఇంచుమించు అట్లే చెప్పుచున్నారు.

ఫ్రాన్సు దేశమున లూయీ పాస్టరు కనుగొన్న విరుగుడు మొదట పరీక్షింపబడినది మనుష్యులమీద కాదు, కుక్కలమీద. 1884లో ప్రభుత్వ సంఘమొకటి దానిని పరీక్షించి సత్యమని తేల్చెను. ఇక దేశమందలి కుక్కల కన్నిటికి వేయవచ్చును గదా? కుక్కలు లక్షలు, ఒక్కొక్కదానికి పలుమాఱులు సూది వేయవలెను. సాధ్యముకాదని పాస్టరు తలంచి, కఱవబడిన మనుష్యుని దిక్కు తిరిగెను. 1885 జూలై 6వ తేదీన జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు తొలిసారి ఆ మందు పడినది. బాలుడు బ్రతికెను. లోకము జయజయధ్వానము చేసెను. ఆ జయధ్వనిలో ఒక సంగతి మఱుగుపడినది: కుక్కకు వేయుట బరువైన వ్యయ మనుకొన్నందున మనుష్యునకు వేయు మార్గము ప్రధానమయ్యెను.

ఆ మార్గము మనకు చౌకగా రాలేదు. 1900లో కసౌలి యందు, 1907లో నీలగిరి కూనూరునందు పాస్టరు సంస్థలు వెలసినవి. అంతకుముందు ధనము గలవారు ఓడనెక్కి పారిసునకు పోవలసి వచ్చెడిది. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలిలో క్రొత్త విధమున మందు చేసెను. గొఱ్ఱెల మెదడునందు విషమును పెంచి, కార్బాలికామ్లముతో చంపి, దానిని రోగి పొట్టమీద దినదినమును పొడిచెడివారు. బొడ్డు చుట్టు పదునాలుగు సూదు లన్నమాట విని హడలని పల్లె యుండదు. కొందఱికి ఆ మెదడు పదార్థము వలననే పక్షవాతము కలిగెడిది. 2004 డిసెంబరు వఱకు ఇది మన దేశమున తయారగుచుండెను. కుక్కను కాచుకొననందుకు గొఱ్ఱె తల యిచ్చినది. మనుష్యుడు పొట్ట చూపినాడు.

పాస్టరు కాదనుకొన్న త్రోవను జపాను పట్టెను. 1921లో ఉమెనో, డోయి అను ఇరువురు కుక్కకు ఒక్క సూదితో పనిచేయు మందు చేసిరి. ఊరూర కుక్కలకు వేయసాగిరి. 1957 తరువాత ఆ ద్వీపములలో జంతువులకు వెఱ్ఱి పుట్టలేదు. నూటికి డెబ్బది కుక్కలకు మందు పడినచో రోగము తిరుగుటకు దారి మూసుకొనునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వెఱ్ఱివలన చచ్చు మనుష్యులలో నూటికి తొంబదితొమ్మిది మందికి అది కుక్కవలననే సోకును. కఱవబడువారిలో పదునైదేండ్లలోపు పిల్లలు నూటికి నలువది.

ఇప్పుడు మన సిద్దిపేట సీమకు వత్తము. 2017 జూన్ 20వ తేదీన కొండపాకలో గొఱ్ఱెల పంపకము ఆరంభమయ్యెను. ఇరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు. వెల 1,25,000 రూపాయలు. అందు లబ్ధిదారుని వంతు 31,250. కౌటిల్యుని పట్టికవలెనే ఈ పట్టికలోను మందను కాయు కుక్క లేదు. రంగనాయకసాగరపు దాపున చంద్లాపూరు పొలాలలో మందను వేసికొన్న గొల్లకురుమలకు రాత్రి మెలకువగా నుండు జీవ మేదో నేను చెప్పనక్కఱలేదు. వారి మల్లన్న పరివారమునందును శునకమునకు స్థానము గలదు. అది దండుగ లెక్కలో లేకున్నను మ్రొక్కు లెక్కలో నున్నది.

లెక్క వేయుదము. కుక్కపిల్ల పుట్టిన రెండు వారములకు కడుపుపురుగుల మందు. మూడు నెలల వఱకు రెండేసి వారముల కొకమాఱు. ఆఱు వారములు మొదలుకొని ఎనిమిది వారములలోపు డిస్టెంపరునకు, పార్వో యను రక్తవిరేచనముల రోగమునకు కలిపి సూది. మూడు నాలుగు వారముల యెడముతో పదునాఱవ వారము వఱకు మరల మరల. మూడవ నెల నిండిన పిమ్మట వెఱ్ఱిసూది, వైద్యుడు చెప్పిన గడువున రెండవది, తరువాత ఏటేట నొకటి. పట్టణపు ప్రైవేటు వైద్యశాలలో ఒక్కొక్క సూదికి వందలలో నగును. 2025-26లో తెలంగాణ ఉపాధి హామీ దినకూలి 307 రూపాయ లని జ్ఞప్తియందుంచుకొన్నచో ఆ భార మెట్టిదో తెలియును. మొదటి యాఱు నెలలకు అన్నియు కలిపిన వేలలో తేలును. 1978లో లోకమునకు తెలిసివచ్చిన ఆ పార్వో పట్టిన పిల్లకు దినములకొలది సెలైను ఎక్కించుటకగు వ్యయము సూదికంటె పెక్కు రెట్లు. అయినను నా యభిప్రాయము దాపరికము లేక చెప్పెదను: అన్నియు చేయింప శక్తి లేనివాడు మిగిలినవి శక్తికొలది చూచుకొనవచ్చును, వెఱ్ఱిసూదిని మాత్రము మానరాదు. డిస్టెంపరు, పార్వో రోగములు కుక్కపిల్లతో పోవును. ఇది వాకిటిలో ఆడు మనుమని దాక వచ్చును.

ఈ ఒక్కదానికి ధనము సాకు కాజాలదు. జోసెఫ్ మైస్టరునకు సూది పడిన జూలై 6వ తేదీన, పాస్టరు మరణించిన సెప్టెంబరు 28వ తేదీన ప్రభుత్వ పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా వెఱ్ఱిసూది వేయుచుందురు. మందు దూరమునుండి వచ్చునదియు కాదు. హైదరాబాదు గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునలాజికల్సు సంస్థ మనుష్యులకును, కుక్కలకును దానిని తయారుచేయుచున్నది. కుక్క కఱచినచో గాయమును వెంటనే ధారగా పడు నీటితో, సబ్బుతో పావుగంటసేపు కడిగి, పసరు పూయక, సర్కారు దవాఖానకు పోవలెను. అచ్చట మనుష్యులకు ఆ సూది ఉచితము. కుక్కకు ముందే సూది వేయించియున్నను ఈ పని తప్పదు.

సూది వేయించిన దినమున పశువైద్యశాలవారు ఇచ్చు కార్డును పట్టా పుస్తకము వెంట భద్రపఱచుకొనుడు. మఱుసటి యేటి తేదీ అందులో నుండును. కుక్క పేరు వ్రాయుటకును అందొక గడి గలదు. మన వాకిళ్లలో పేరులేని వాటికి ఆ దినము ఒక పేరు పెట్టవలసియుండును.