కాంథా: బెంగాలు గృహిణుల దారపు లిపి

బెంగాలు పల్లె ఇళ్లలో వంటావార్పూ ముగిసిన మధ్యాహ్నవేళ స్త్రీల చేతుల్లో రూపుదిద్దుకున్న కళ కాంథా. సంస్కృతంలో ‘కంథ’ అంటే అతుకుల బొంత. మెత్తబడిన పాత చీరలను, ధోవతులను పొరలుగా పరచి, చీర అంచుల నుండి తీసిన రంగుదారాలతోనే కుట్టేవారు. నడుమ పద్మం, నాలుగు మూలలా చెట్లు, చుట్టూ చేపలు, ఏనుగులు, పల్లకీలు. ఖర్చయ్యేది ధనం కాదు, కాలం. ఒక్కొక్క కాంథాకు నెలలు, కొన్నిటికి ఏళ్లు పట్టేవి.

అమ్మకానికి కాక ఆత్మీయుల కోసం కుట్టినందున, కొందరు తమ పేర్లను దారంతో పొదిగినా, అధికసంఖ్యాకుల పేర్లు చరిత్రకు దక్కలేదు. ఐ.సి.ఎస్. అధికారి గురుసదయ్ దత్ (1882–1941) పల్లెల్లో అనేక కాంథాలను సేకరించి భద్రపరిచారు. జసీముద్దీన్ 1929 నాటి కావ్యంలో నాయిక తన దుఃఖాన్నంతా కాంథాపై కుట్టి, దానిని తన సమాధిపై పరచమంటుంది. రాజశాసనాలకెక్కని గృహిణుల జీవితానికి ఈ బొంతలే ఆధారాలు.