రిసీవర్లో బాతు గొంతు

మల్కాజిగిరిలో ఒక పాత డాబా ఇల్లు. ఉదయం ఏడున్నర. రిటైరైన లెక్కల మాస్టారు ఫోను రిసీవరు ఎత్తి నా చేతికిస్తున్నారు. "మీరే వినండి బాబూ. అమ్మాయి టెక్సాస్ నుంచి ఫోన్ చేసే వేళకే మొదలవుతుంది."

చెవికి ఆనించాను. వెనకాల డయల్ టోను, దాని మీద బాతు అరుస్తున్నట్టు ఒక గొంతు. మనిషి మాట్లాడినట్టే ఆగుతోంది, మళ్లీ అందుకుంటోంది. ఒక్క ముక్క అర్థం కావడం లేదు. పిట్టగోడ అవతల మేడ గదిలో హ్యామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ నడిపే అమెచ్యూర్ రేడియో, పెట్టుకున్న కుర్రాడి గొంతే ఇది. లైసెన్సు ఉంది. 40 మీటర్ల బ్యాండులో, 7 మెగాహెర్ట్జ్‌కు కాస్త పైన, 100 వాట్లతో మాట్లాడుతున్నాడు. తనకు అనుమతి ఉన్న చోటే ఉన్నాడు. మాస్టారి ఫోనూ చెడిపోలేదు. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు కాబట్టే ఇలాంటి తగాదాలు నెలల తరబడి నలుగుతాయి.

కిటికీ దగ్గరికెళ్లి కేకేస్తున్నాను. "తమ్ముడూ, ఏఎమ్‌లో పెట్టి మాట్లాడు!"

కాసేపటికి రిసీవర్లో అతని కాల్ సైనూ, వెనకే "టెస్టింగ్, వన్, టూ, త్రీ" అన్న మాటలూ ఖంగున వినిపిస్తున్నాయి. రిసీవరు మాస్టారికిచ్చాను. "అరె, మనవాడే!" అంటూ ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

పాత రేడియో స్టేషన్ల పద్ధతి ఏఎమ్. దాంట్లో మాటతో పాటు దాన్ని మోసే తరంగమూ వస్తుంది. హ్యాములు మామూలుగా వాడే ఎస్‌ఎస్‌బీలో ఆ మోసే తరంగాన్ని తీసేస్తారు. ఎస్‌ఎస్‌బీకి తగ్గ రిసీవరైతే దాన్ని మళ్లీ కలుపుకుని మాటను బయటికి తీస్తుంది. ఫోనులో ఆ ఏర్పాటు ఎక్కడిది? అందులోని డయోడ్లు, ట్రాన్సిస్టర్లు మాట తాలూకు హెచ్చుతగ్గులను మాత్రం పట్టి ఇయర్‌పీసులోకి నెడతాయి. ఇందాక విన్న అరుపు అదే. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే డ్రాప్ వైరు, గోడ వెంట పాకిన తీగ, ఫోను తాడు, అన్నీ కలిసి మాస్టారికి తెలియకుండానే ఒక యాంటెన్నా అయిపోయాయి.

ఇక పని. పడకగదిలోని ఎక్స్‌టెన్షన్ పీకేశాం, కాలర్ ఐడీ డబ్బా పీకేశాం. రోజెట్ బాక్సు దగ్గర ఒక్క ఫోనే మిగిలింది. గోల కాస్త తగ్గింది కానీ పోలేదు. ఈలోగా మాస్టారి ఇల్లాలు పిన్నిగారు అటక మీంచి నల్లటి ఐటీఐ డయల్ ఫోను దించి, కొంగుతో తుడిచి ఇచ్చారు. అది తగిలిస్తే దాదాపు నిశ్శబ్దం! దాంట్లో ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు లేవు మరి. గోల పుట్టేది లైనులో కాదనీ, దాదాపంతా కొత్త ఫోనులోనేననీ దాంతో తేలిపోయింది.

జేబులోంచి ఫెర్రైట్ రింగు తీస్తున్నాను. నల్లగా, బరువుగా, అరచేతిలో ఇమిడేంత ఉంది. హ్యాములు దీని పదార్థాన్ని '31 మిక్స్' అంటారు, 7 మెగాహెర్ట్జ్‌ లాంటి తక్కువ పౌనఃపున్యాలకు ఇదే తగింది. కంప్యూటర్ తీగలకు ఉండే క్లిప్పు ముక్కను ఒకటి తగిలించి, పని కాలేదని వదిలేసేవాళ్లు చాలామంది. తీగ ఒక్కసారి దూరితే ఈ బ్యాండులో రేడియో తరంగానికి అది వేసే అడ్డు చాలదు. చుట్లు పెరిగే కొద్దీ అడ్డు వాటి వర్గం లెక్కన పెరుగుతుంది. మూడు చుట్లకు సుమారు తొమ్మిది రెట్లు. ఈ మాటకు లెక్కల మాస్టారి మొహం వెలిగింది. రింగు ఆయనే తీసుకున్నారు.

ఫోనుకు ఆనుకునే చుట్టాలి. గోడ దగ్గర చుడితే మిగిలిన తాడు మళ్లీ తరంగాన్ని పడుతుంది. పల్చటి బల్లపరుపు తాడును మాస్టారు వేళ్లతో సర్దుతూ దూరుస్తున్నారు. కుర్రాడు అవతల ఆపకుండా మాట్లాడుతున్నాడు, పిన్నిగారు రిసీవరు పట్టుకుని వింటున్నారు. ఒక్కో చుట్టుకూ బాతు దూరం జరుగుతోంది. చివరికి చీమంత గరగర మిగిలింది. అది రిసీవరుకున్న మెలికల తాడు గుండా వస్తోంది. దానికీ ఒక రింగు వేశాం. పిన్నిగారు తల అడ్డంగా ఊపారు. ఏమీ లేదట.

డాబా మీదికెళ్లి డ్రాప్ వైరు చూశాం. ఒకచోట తీగలు మెలేసి టేపు చుట్టారు. టేపు ఊడి, రాగి పచ్చగా చిలుమెక్కి ఉంది. చిలుమెక్కిన అతుకు కూడా డయోడు పని చేయగలదు. దాని మీద చేయి వేయలేదు. ఆ తీగ టెలిఫోన్ కంపెనీది, పైగా రింగు వచ్చేటప్పుడు అందులో 75 వోల్ట్‌ల దాకా ఉంటుంది. లైన్‌మన్‌ను పిలవమని చెప్పాను.

కుర్రాడి వంతు మిగిలింది. అతని యాంటెన్నా తీగ సరిగ్గా ఈ డ్రాప్ వైరుకు సమాంతరంగా పోతోంది. ఒక కొసను వీధి వైపు కాకుండా పెరటి వేప చెట్టు వైపు తిప్పి కట్టాం. దగ్గరి ఊళ్లతో మాట్లాడేటప్పుడు 100 వాట్లు అక్కర్లేదు. 25కు దించితే పక్కింటి ఫోనులో శబ్దమూ నాలుగో వంతుకు పడిపోతుంది.

"ఈ రేడియో అసలు మానేస్తే పోలేదా?" అని వీధిలో ఒకాయన అన్నారట. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు, పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హ్యామ్ బృందం హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున వెళ్లిందే. భారతీ ప్రసాద్ గారి నాయకత్వంలో ఆ బృందం తన సెట్ల మీదే బాధితుల క్షేమ సమాచారం ప్రధాన భూభాగానికి చేరవేసింది. మానేయమనే మాట నేను ఒప్పుకోను. కానీ పక్కింటివాళ్లకు నిద్రా, పిల్లలతో మాటా లేకుండా చేసే హక్కు కూడా హ్యాముకు లేదు.

హ్యామ్ మిత్రులారా, యాంటెన్నా ఎత్తిన రోజే పక్కింటి తలుపు తట్టండి. రింగు మీరే కొనండి, దగ్గరుండి చుట్టించండి. ఫోనులో వింత గొంతు వినిపించే ఇంటివాళ్లు తేదీ, టైము ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. దాన్ని హ్యాము లాగ్‌బుక్కుతో సరిచూస్తే ఆ గొంతు అతనిదో కాదో తేలిపోతుంది.