ఈజిప్టుకి వెళ్లి 50 ఏళ్లు ఉండిపోయింది: లిలియన్ ట్రాషర్ కథ

ఈ మధ్య రీల్స్‌లో ఒక రకం వీడియోలు బాగా కనిపిస్తున్నాయి. ఏదో ఒక దేశం వెళ్లడం, అక్కడి అనాథాశ్రమంలో పది రోజులు ఉండటం, పిల్లలతో ఫొటోలు దిగడం, చివరి రోజు ఏడ్చి ఫ్లైట్ ఎక్కేయడం. చర్చిల తరఫున వెళ్తే దాన్ని మిషన్ ట్రిప్ అంటారు. మంచి మనసుతోనే వెళ్తారు, అందులో డౌట్ లేదు. కానీ ఫ్లైట్ వెళ్లిపోయాక ఆ పిల్లల సంగతేంటి?

ఇలాగే ఒక అమెరికన్ అమ్మాయి 1910లో ఈజిప్టు వెళ్లింది. పేరు లిలియన్ ట్రాషర్. అప్పటికి ఆమె వయసు 23. అంతకుముందు నార్త్ కరోలినాలో ఒక అనాథాశ్రమంలో పనిచేసింది. ఒక పాస్టర్‌తో పెళ్లి కుదిరింది. పెళ్లికి పది రోజుల ముందు కాదనేసింది, ఎందుకంటే దేవుడు తనని మిషనరీగా పిలుస్తున్నాడని ఆమె నమ్మకం, అతనికేమో వేరే దేశం వెళ్లే ఆలోచన లేదు. డబ్బు లేదు, జీతమిచ్చే సంస్థా లేదు. అక్క జెన్నీని వెంటబెట్టుకుని ఓడ ఎక్కింది. మనం కంపెనీ టికెట్ కొనిచ్చి ఆన్‌సైట్‌కి పంపిస్తేనే వెళ్లాలా వద్దా అని నెల రోజులు ఆలోచిస్తాం!

వెళ్లింది అస్యూత్ అనే ఊరికి. కైరో నుంచి నైలు నది వెంబడి దక్షిణంగా వెళ్తే వస్తుంది. దక్షిణమే అయినా దాన్ని ఎగువ ఈజిప్టు అంటారు, ఎందుకంటే నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. 1911 ఫిబ్రవరిలో, చావుబతుకుల్లో ఉన్న ఒక తల్లి దగ్గరికి రమ్మని ఆమెకి కబురొచ్చింది. ఆ తల్లి పక్కనే ఒక పసిపాప, రేకు డబ్బాలో విరిగిపోయిన పాలు చీకుతూ ఉంది. తల్లి చనిపోయింది. లిలియన్ పాపని తను ఉంటున్న మిషనరీల ఇంటికి తీసుకొచ్చేసింది. పాప రాత్రంతా ఏడుపే. ఎవరికీ నిద్ర లేదు. వెనక్కి ఇచ్చేసి రమ్మన్నారు. ఆమె ఇవ్వలేదు, బయట ఒక ఇల్లు అద్దెకి తీసుకుంది. ఆ అద్దె ఇల్లే అస్యూత్ అనాథాశ్రమం అయింది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మన హైదరాబాద్‌లో 'యతీమ్‌ఖానా' అనే మాట వినే ఉంటారు. అరబీలో యతీమ్ అంటే అమ్మానాన్నా ఇద్దరూ లేని పిల్లలే అని కాదు, తండ్రి పోయిన పిల్లలు. అంటే చాలామంది యతీములకి అమ్మ ఉంటుంది. ఆమె వితంతువు. సంపాదన లేదు, అందుకే పిల్లల్ని సాకలేకపోతోంది. బైబిల్లో యాకోబు పత్రిక కూడా అనాథల్నీ వితంతువుల్నీ ఒకే వాక్యంలో చెబుతుంది. ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది కదా? అది చాలాసార్లు ఒకే ఇంటి కష్టం.

లిలియన్ పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఆమె పిల్లల్ని మాత్రమే తీసుకోలేదు. భర్త పోయిన ఆడవాళ్లు కూడా ఆ ఆశ్రమంలో ఉన్నారు. పిల్లాడికి అన్నం దొరకాలంటే తల్లిని వదిలేసి రావాలి అనే షరతు ఉంటే, అది సాయమే కావచ్చు, కానీ చాలా క్రూరమైన సాయం. ఇవాళ కూడా ప్రపంచంలో చాలా దేశాల్లో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. అక్కడికి తెచ్చింది పేదరికం.

డబ్బు ఎక్కణ్ణుంచి? మొదట్లో గాడిద మీద ఊరూరా తిరిగి అడిగింది. ఇచ్చినవాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. 1919లో బ్రిటిష్‌వాళ్లకి వ్యతిరేకంగా ఈజిప్టులో తిరుగుబాటు వచ్చినప్పుడు అమెరికా వెళ్లాల్సొచ్చింది. అక్కడ విరాళాలు పోగు చేసి 1920కి మళ్లీ వచ్చేసింది.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే ఇది భక్తి సినిమా అవుతుంది. అసలు గొడవ 1933లో.

పోర్ట్ సయీద్‌లో వేరే మిషన్ నడిపే ఒక స్కూల్లో తుర్కియ్యా హసన్ అనే ముస్లిం అనాథ అమ్మాయిని ఒక విదేశీ ఉద్యోగిని కొట్టింది. మతం మారమని ఒత్తిడి చేశారని పేపర్లన్నీ భగ్గుమన్నాయి. కొట్టినామెని దేశం నుంచి పంపించేశారు. అంతటితో ఆగలేదు. మిషనరీల దగ్గరున్న మన పిల్లల సంగతేంటని దేశమంతా అడిగింది. అధికారులు అస్యూత్ కూడా వచ్చి, లిలియన్ దగ్గరున్న 60 మందికి పైగా ముస్లిం పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. ఆమెకి అదెంత దెబ్బో ఊహించుకోవచ్చు.

కానీ అవతలి వైపు నుంచి కూడా చూడాలి. అన్నం పెట్టే చెయ్యి, ప్రార్థన నేర్పే చెయ్యి ఒకటే అయినప్పుడు ఆరేళ్ల పిల్లకి 'వద్దు' అనే అవకాశం ఎక్కడుంది? లిలియన్ తన విశ్వాసాన్ని దాచుకోలేదు, పిల్లలు క్రీస్తుని నమ్మాలనే ఆమె కోరిక. ఆమె ప్రేమ నిజం, వాళ్ల భయమూ నిజమే. ఈ గొడవ తర్వాత ఈజిప్టు ప్రభుత్వం అనాథల కోసం సొంత ఆశ్రమాలకి డబ్బు కేటాయించింది. 1928లో పుట్టి అప్పటికింకా చిన్నదిగా ఉన్న ముస్లిం బ్రదర్‌హుడ్ సంస్థ బలపడటానికి ఈ మిషనరీ వ్యతిరేక ఉద్యమం సాయపడింది. బెత్ బారన్ అనే చరిత్రకారిణి దీని మీద ఒక పుస్తకమే రాశారు. ఒక పిల్లకి పడ్డ దెబ్బలు దేశ రాజకీయాల దాకా వెళ్లాయి!

లిలియన్ మాత్రం తిరిగి వెళ్లిపోలేదు. మిగిలిన పిల్లలతో, ఆ తల్లులతో అక్కడే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, రాజు పోయాడు, నాసర్ వచ్చాడు, ఆమె అస్యూత్‌లోనే ఉంది. పిల్లలు ఆమెని మామా అని పిలిచేవాళ్లు. 1961 డిసెంబర్‌లో అక్కడే చనిపోయింది, అక్కడే సమాధి చేశారు. అప్పటికి ఆశ్రమంలో వెయ్యి మందికి పైగా ఉన్నారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

తుర్కియ్యా హసన్ కేసు గురించి విడిగా ఒక ఎపిసోడ్ చేస్తాను, అందులో చెప్పాల్సింది చాలా ఉంది. ఉంటాను మరి.