ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఎంత దూరం?

ఎవర్నడిగినా సుమారు 40 కిలోమీటర్లంటారు. చిన్నప్పుడు ఎర్రబస్సులో మా అవ్వ పక్కన కూర్చుని వెళ్తుంటే నాకది రెండు జామకాయలు తిన్నంత దూరం. అవ్వ పోయిన రాత్రి మాత్రం ఆ దారి ఎంతకీ తరగలేదు.

1990 ప్రాంతం. నాకు పన్నెండేళ్ళు ఉంటాయేమో. సాయంత్రం పొయ్యి దగ్గర అవ్వకి చెమటలు పట్టాయి. రెండుసార్లు వాంతయింది. వీపు లాగుతోందంది. గుండెల్లో నొప్పని మాత్రం అనలేదు. "ఏం లేదులేమ్మే, వాయువు. ఇంత వాము నమిలితే పోతాది" అంటూనే అందరికీ అన్నాలు పెట్టింది. అర్ధరాత్రి జీపు మాట్లాడి బయల్దేరేసరికి స్పృహ తప్పింది. నంద్యాల దీపాలు కనిపించక మునుపే అంతా అయిపోయింది.

నేను చదివింది ఆర్ట్సే అయినా, తర్వాతెప్పుడో గుండెజబ్బు చరిత్ర తిరగేశాను. ఈ జబ్బు మా అవ్వనే కాదు, డాక్టర్లనీ చాలాకాలం మభ్యపెట్టిందని తెలిసింది. రక్తం ఒళ్ళంతా తిరిగి మళ్ళీ గుండెకే చేరుతుందని ఇంగ్లండులో విలియం హార్వే 1628లోనే రాశాడు. కానీ ఆ గుండెకే రక్తమిచ్చే నాళంలో గడ్డ అడ్డుపడితే ఏమవుతుందో, మనిషి బతికే అవకాశం కూడా ఉందని షికాగో డాక్టరు జేమ్స్ హెరిక్ వివరించింది 1912లో! అప్పటికీ వైద్యమంటే వారాల తరబడి మంచానికి అంటిపెట్టుకుని ఉండటమే. 1952లో బోస్టన్ డాక్టరు శామ్యూల్ లెవైన్ రోగిని కుర్చీలో కూర్చోబెట్టమంటే అదే పెద్ద సాహసమైంది.

1977లో జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూయెంట్సిగ్ సన్నని గొట్టం చివర బుడగ పెట్టి, పూడుకుపోతున్న నాళాన్ని లోపల్నుంచే వెడల్పు చేశాడు. 1988లో, 17 వేలమందికి పైగా రోగులతో జరిపిన పరిశోధన, మామూలు ఆస్పిరిన్ బిళ్ళా, గడ్డని కరిగించే స్ట్రెప్టోకైనేజ్ మందూ ప్రాణాలు నిలుపుతాయని తేల్చింది. అయితే ఏదైనా వేళకి అందాలి. రక్తం అందని గుండె కండ నిమిష నిమిషానికీ చచ్చుబడిపోతుంది. ఆ లెక్కన మా నంద్యాల దూరం మొదలైంది జీపెక్కిన చోట కాదు, అవ్వ వాము నమిలిన చోట.

డబ్బూ పలుకుబడీ ఉంటే ఈ దూరం తగ్గుతుందనుకుంటాం. 2017 మార్చి 12న ఆళ్లగడ్డలో ఇంట్లోనే కుప్పకూలిన నంద్యాల శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డిగారిని నంద్యాలకి తీసుకెళ్ళారు. ప్రాణం నిలవలేదు. ఆయనకి 53 ఏళ్ళు.

2005లో 108 అంబులెన్సులొచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషను పేదలకీ అందింది. 2022లో నంద్యాల జిల్లాకేంద్రమైంది, 2023లో వైద్యకళాశాల వచ్చింది. దారి బాగానే తగ్గింది. ఇక తగ్గాల్సింది మన వంటింటి నుంచి గుమ్మందాకా ఉన్న దూరమే. ఆడవాళ్ళలో ఛాతీలో బరువుతోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వికారం, దవడనొప్పి, వీపునొప్పి, విపరీతమైన నీరసం రావచ్చు. బి.పి., షుగరు ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తపడాలి. మనమేమో "ఈ పని కానీ, చూద్దాం" అంటాం!

మొన్న సంక్రాంతికి ఆళ్లగడ్డలో మా పెద్దమ్మ అరిసెలు వత్తుతూ, చెమటలు తుడుచుకుంటూ, "గ్యాసులేమ్మే" అంది. నేను పొయ్యి ఆర్పేసి 108కి ఫోను చేశాను. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీశారు, రక్తపరీక్షలు చేశారు. నిజంగానే గ్యాసు! ఇంటిల్లిపాదీ నవ్వారు. పాకం ముదిరి అరిసెలు పాడయ్యాయని పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

దెప్పనీండి. దెప్పడానికి మనిషుంది కదా!